వంతెన భద్రత, ఆత్మహత్యల నివారణ: పల్లెల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

ఊరి పక్కన వంతెన ఉన్న చోట పంచాయతీ సభ్యులు, ఉపాధ్యాయులు, పడవ నడిపేవారు, ఇంట్లో ఒకరి గురించి దిగులు పడుతున్న తల్లిదండ్రులు అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకరికి చెప్పిన జవాబే మరొకరికి మళ్లీ చెప్పవలసి వస్తున్నందువల్ల వాటిని దశలవారీగా ఇక్కడ కూర్చాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను.

ఇది చదువుతున్న మీకే ప్రాణం తీసుకోవాలనే ఆలోచన వస్తూ ఉంటే మిగతాది తర్వాత చదవవచ్చు. ముందు పక్కనున్న ఒక మనిషికి ఆ మాట చెప్పండి, లేదా భారతదేశంలో రాత్రీ పగలూ పనిచేసే ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు.

## మొదటి సందేహాలు

చావాలనుకున్న మనిషి ఇక్కడ కాకపోతే ఇంకోచోట చస్తాడు కదా, వంతెనకు కంచె వేసి ఏం లాభం?

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే. తీర్మానాలు ఆగిపోయేది, డబ్బు మంజూరు కాకుండా పోయేది కూడా ఈ ఒక్క మాట దగ్గరే. వినడానికి తర్కంగా ఉంటుంది కానీ వాస్తవం దీనికి ఎదురుగా ఉంది. అమెరికాలోని గోల్డెన్ గేట్ వంతెన మీద 1937 నుంచి 1971 వరకు ఆపగలిగిన 515 మంది తర్వాత ఏమయ్యారో ఒక పరిశోధకుడు ఆరా తీసి 1978లో ప్రచురించాడు. వారిలో 90 శాతానికి పైగా అప్పటికి బతికి ఉన్నారు, లేదా సహజ కారణాలతో కన్నుమూశారు. అంటే ఆ గడియ దాటినవారిలో అత్యధికులు మరోచోటు వెతుక్కోలేదు.

వాషింగ్టన్ నగరంలో 1986లో ఒక వంతెనకు కంచె వేసినప్పుడు, కూతవేటు దూరంలోనే కంచె లేని మరో వంతెన ఉన్నందువల్ల అందరూ అక్కడికి పోతారని వాదించారు. అలా జరగలేదు. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ఇంకా విచిత్రం జరిగింది. ఒక వంతెన మీద దశాబ్దాలుగా ఉన్న అడ్డుకంచెను 1996లో తీసేశారు, ఆ తర్వాత మరణాలు పెరిగాయి, 2003లో మెరుగైన కంచె కట్టాక ఆగిపోయాయి. ఇంత స్పష్టంగా రెండు వైపులా తేలిన ఉదాహరణ అరుదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, ఆ క్షణంలో ఉన్న మనిషి మనసు రెండుగా చీలి ఉంటుంది. బాధ ఆగిపోవాలన్న కోరిక ఒకవైపు, బతకాలన్న ఆశ మరోవైపు లాగుతుంటాయి. ఉధృతి సాధారణంగా కొద్ది నిమిషాలో కొద్ది గంటలో ఉండి తగ్గుతుంది. మన పెద్దలు గండం గడవడం అనే మాట దేనికి వాడేవారో గుర్తు చేసుకుంటే కంచె చేసే పని ఇట్టే అర్థమవుతుంది. మనిషి కష్టాన్ని అది తీర్చదు, గండం గడిచేదాకా ప్రాణాన్ని నిలబెడుతుంది.

ఒకే వంతెన దగ్గర మళ్లీ మళ్లీ ఎందుకు జరుగుతుంది? ఆ చోటే మంచిది కాదంటారు.

చోటులో దోషం ఏమీ ఉండదు. అందుబాటులో ఉండటం, రాత్రిపూట మనుషుల సందడి లేకపోవడం, అన్నిటికీ మించి ఆ చోటికి ఒక పేరు పడిపోవడం కారణాలు. ఒక మరణం గురించి ఊరంతా వారాల తరబడి ఆ వంతెన పేరుతోనే చెప్పుకుంటే, బాధలో ఉన్న మరొకరి మనసులో ఆ చోటు ముద్రపడుతుంది. అందువల్ల వంతెనను మృత్యువుతో ముడిపెట్టే ఊతపదాలను, వెటకారపు పేర్లను పెద్దవాళ్లే మానేయాలి. పిల్లల నోట అవి వినబడితే అవి ఇంట్లోంచే వచ్చాయని గ్రహించాలి.

"చచ్చిపోతా" అని పదే పదే అనేవాడు ఆ పని చేయడంటారు. నిజమేనా?

నిజం కాదు. మొరిగే కుక్క కరవదన్న సామెతను ఇక్కడికి తెచ్చి అతికించడం వల్ల ఎన్నో హెచ్చరికలు గాలికి పోయాయి. ఆత్మహత్యతో మరణించినవారిలో చాలామంది అంతకుముందు ఎవరితోనో ఒకరితో ఏదో ఒక రూపంలో ఆ మాట అన్నవారే. కొందరు నేరుగా అంటారు. మరికొందరు "నేను లేకపోతే మీకు పీడ వదులుతుంది", "ఇక ఎక్కువ రోజులు మీకు భారం కాను" అని చుట్టుతిప్పి అంటారు. బాకీలు హఠాత్తుగా తీర్చేయడం, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, చాలాకాలం కుంగిపోయి ఉన్న మనిషి ఒక్కసారిగా నిశ్చింతగా కనిపించడం కూడా పట్టించుకోవలసిన సంగతులే.

చనిపోవాలని అనిపిస్తోందా అని నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కాదు. ఈ భయాన్ని పరిశోధకులు పలుమార్లు పరీక్షించి చూశారు. అడగడం వల్ల ఆలోచన పుట్టినట్టు గాని పెరిగినట్టు గాని తేలలేదు. పైగా ఎవరికీ చెప్పుకోలేక ఒంటరిగా మోస్తున్న మాటను ఒకరు బయటికి పలికినప్పుడు చాలామందికి బరువు దిగినట్టు ఉంటుంది. అడిగే తీరు ముఖ్యం. "పిచ్చి పనులేమీ చేయవుగా?" అని అడిగితే "లేదు" అన్న జవాబు తప్ప మరొకటి రాదు, ఎందుకంటే ఆ ప్రశ్నే జవాబును నిర్ణయించేసింది. "ఈ మధ్య చాలా కష్టంగా ఉన్నట్టున్నావు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా?" అని మెల్లగా, ముఖంలోకి చూస్తూ, తొందర లేకుండా అడగండి.

పల్లెల్లో ఈ సమస్య పట్నంకంటే వేరుగా ఉంటుందా?

కొన్ని విషయాల్లో ఉంటుంది. అప్పు, పంట నష్టం, కుటుంబ కలహాలు, తాగుడు, దీర్ఘకాలపు జబ్బు వంటి బాధలు రెండు చోట్లా ఉన్నా, పల్లెలో మానసిక వైద్యుడు దూరంగా ఉంటాడు, రాత్రిపూట బస్సు ఉండదు, పైగా ఎవరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారో తెల్లారేసరికి అందరికీ తెలిసిపోతుంది. ఈ చివరిది చిన్న విషయంగా కనిపించినా సాయం అడగకుండా ఆపేది ఎక్కువగా అదే. ఇళ్లలో ప్రమాదకరమైన వ్యవసాయ రసాయనాలు తేలికగా అందుబాటులో ఉండటం మరో తేడా. అత్యంత విషపూరితమైన పురుగుమందులను దశలవారీగా నిషేధించిన శ్రీలంకలో ఆత్మహత్య మరణాలు 1990ల మధ్య నుంచి గణనీయంగా తగ్గాయి. కాబట్టి వంతెన ఒక్కదాని మీదే చూపు నిలిపి మిగతావి మరచిపోకూడదు.

పల్లెకున్న బలం కూడా ఒకటుంది. మనిషి మౌనంగా మారిపోతే గమనించేవాళ్లు నలుగురైనా ఉంటారు.

## వంతెన దగ్గర చేయవలసిన పనులు

ఉన్న పిట్టగోడ చాలదా? ఎంత ఎత్తు కంచె కావాలి?

సాధారణ పిట్టగోడను, రెయిలింగును బండి జారిపోకుండా, నడిచేవారు తూలిపడకుండా ఉండేందుకు కడతారు. కావాలని దాటే మనిషిని అవి ఆపలేవు. నివారణ కోసం వేసే కంచె కనీసం 2.5 మీటర్లు ఉండాలని బ్రిటన్‌లోని ప్రజారోగ్య మార్గదర్శకాలు సూచిస్తాయి. కాలు మోపడానికి వీలయ్యే అడ్డపట్టీలు లేకుండా నిలువు కడ్డీలతో గాని సన్నని అల్లిక గల వలతో గాని కట్టడం, వంతెన పొడవంతటా ఒకేలా ఉండటం ప్రధానం.

అయితే ఊళ్లోని వెల్డింగ్ పనివాడితో రాత్రికి రాత్రి చేయించే పని కాదిది. కంచె బరువు, దాని మీద గాలి వేసే ఒత్తిడి పాత వంతెన మోయగలదా అన్నది ఇంజనీరే తేల్చాలి. వరద పైనుంచి పొర్లే తక్కువ ఎత్తు వంతెనల మీద శాశ్వత కంచెకు చెట్లకొమ్మలు, చెత్త అడ్డుపడి నీటి తాకిడికి వంతెనే దెబ్బతినవచ్చు. అలాంటి చోట్ల వరద వచ్చినప్పుడు మడిచే లేదా తీసివేసే రకం రెయిలింగులు వాడతారు.

అంత డబ్బు మా పంచాయతీ దగ్గర లేదు. తక్కువ ఖర్చులో ఏం చేయగలం?

వెలుతురుతో మొదలుపెట్టండి. వంతెన రెండు చివర్లా, మధ్యలోనూ సౌర దీపాలు పెట్టి, కనుచూపును అడ్డుకునే తుప్పలు కొట్టించి, దారిన పోయేవారికి వంతెన మొత్తం కనిపించేలా చేయడం మొదటి మెట్టు. సాయం నంబరుతో బోర్డు రెండోది. వంతెన మొదట్లో రాత్రి కొంతసేపైనా మనుషులు ఉండేలా చూడగలిగితే, అది ఒక ఆటో స్టాండైనా, కాపలాదారు గదైనా, దాని విలువ ఎక్కువ.

కెమెరాల మీద నాకు కొంత అనుమానం ఉంది. తెరను ఎవరో ఒకరు చూస్తూ ఉండి, చూసిన ఐదు నిమిషాల్లో అక్కడికి చేరగలిగితేనే కెమెరా ప్రాణం కాపాడుతుంది. లేకపోతే జరిగినదాన్ని దాచిపెట్టే పెట్టెగా మిగులుతుంది, ఆ దృశ్యం ఎవరి ఫోన్లోకి చేరుతుందో అన్న బెడద అదనం.

బోర్డు మీద ఏం రాయాలి?

"ఆత్మహత్య నేరం", "ఇక్కడ దూకరాదు" వంటి రాతలు వద్దు. మొదటిది బాధలో ఉన్నవాణ్ణి నేరస్థుణ్ణి చేస్తుంది, రెండోది ఆ చోటుకు లేని గుర్తింపు తెస్తుంది. "ఏళ్ల జీవితాన్ని వృథా చేసుకోకు" తరహా ఉపదేశాలు కూడా చదివేవారికి తమను తప్పుపట్టినట్టే ఉంటాయి. బోర్డు ఒక మనిషి పలకరించినట్టు ఉండాలి: "మనసు బరువుగా ఉందా? ఇప్పుడే మాట్లాడండి. 14416. ఉచితం, రాత్రీ పగలూ." అంతే చాలు. అక్షరాలు చీకట్లో మెరిసే రంగుతో, నిలబడిన మనిషి కంటికి ఎదురుగా ఉండాలి. మొబైల్ సిగ్నల్ అందని చోట ఫోన్ నంబరు బోర్డు మోసం చేసినట్టే అవుతుంది గనుక ముందు అక్కడ నిలబడి మీ ఫోన్ పనిచేస్తుందో లేదో చూసుకోండి.

కంచె వేయమని ఎవరిని అడగాలి? ఏం రాసివ్వాలి?

ముందు వంతెన ఎవరిదో తెలుసుకోవాలి. రోడ్ల శాఖ, నీటిపారుదల శాఖ, రైల్వే, పంచాయతీ ఇలా యజమాని ఎవరైనా కావచ్చు, తప్పు శాఖకు ఇచ్చిన అర్జీ నెలల తరబడి తిరుగుతుంది. గ్రామసభ తీర్మానం, రాత్రీ పగలూ తీసిన ఫొటోలు, జరిగిన సంఘటనల తేదీలు మాత్రమే జతచేయండి. చనిపోయినవారి పేర్లు, కుటుంబ వివరాలు అర్జీలో రాయకూడదు.

అనుభవం మీద చెప్పదగిన సలహా ఒకటి: ఆత్మహత్యల సంగతి ఒక్కటే రాస్తే కొందరు అధికారులు "అది వ్యక్తిగత విషయం" అని పక్కన పెడతారు. బడిపిల్లలు నడిచే దారి, మంచులో జారిన బండ్లు, పిట్టగోడ విరిగిన చోట పడిపోయిన పశువులు, ఇవన్నీ కూడా అదే అర్జీలో చేర్చండి. ఆ ప్రమాదాలూ నిజమే, కంచె వాటినీ ఆపుతుంది.

## వంతెన మీద ఎవరైనా కనిపించినప్పుడు

ఊరికే గాలికి నిలబడ్డారో, ఆపదలో ఉన్నారో ఎలా తెలుస్తుంది?

కచ్చితంగా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఒంటరిగా చాలాసేపు నిలబడటం, ఒకే చోటికి పోయి వస్తూ ఉండటం, ఏడుపు, పలకరిస్తే వినిపించనట్టు ఉండటం, సామాను ఒక పక్కన పెట్టేసి ఉండటం వంటివి గమనిస్తే పలకరించండి. పొరబడితే పోయేదేమీ లేదు. గాలికి నిలబడిన మనిషి నవ్వి వెళ్లిపోతాడు.

దగ్గరికి వెళ్లి మొదట ఏమనాలి?

వెనకనుంచి హఠాత్తుగా వెళ్లవద్దు. వారికి కనిపించేలా, మెల్లగా, కొద్ది దూరంలో ఆగి, చేతులు ఖాళీగా కనబడేటట్టు నిలబడండి. వయసును బట్టి "అన్నా", "అమ్మా", "బాబూ" అని పిలిచి మీ పేరు చెప్పండి. "నేను ఇటుగా వెళ్తున్నాను. మీరు ఒక్కరే ఉన్నట్టున్నారు. బాగానే ఉన్నారా?" అంటే చాలు. జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ గుచ్చవద్దు. "తొందరేమీ లేదు, నేను ఇక్కడే ఉంటాను" అని ఆగండి. మౌనంలో కూడా నిమిషాలు గడుస్తున్నాయి, అవి మీ పక్షాన ఉన్నాయి.

మాట కలిసిన తర్వాత మీరు తక్కువ మాట్లాడి వారిని చెప్పనివ్వండి. "ఇంత చిన్నదానికేనా?", "నీ పిల్లలు గుర్తుకు రావడం లేదా?", "నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా?" అన్న మూడు మాటలూ మంచి ఉద్దేశంతోనే వస్తాయి, మూడూ సిగ్గును పెంచుతాయి. అందుకు బదులు విన్నదాన్నే తిరిగి చెప్పండి: "అప్పుల వాళ్లు ఇంటి ముందు నిలబడేసరికి తట్టుకోలేకపోయారన్నమాట." అప్పు తీర్చేస్తాననో, ఎవరికీ చెప్పననో చేయలేని వాగ్దానాలు మాత్రం చేయవద్దు. ప్రాణం తీసుకోవాలనుకుంటున్నారా అని నేరుగా అడగవచ్చు. "అవును" అంటే కంగారు పడకుండా, "చెప్పినందుకు మంచిదైంది. కాస్త ఇటు పక్కకు వచ్చి కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. మొత్తం సమస్యకు పరిష్కారం చూపడం మీ పని కాదు. రెయిలింగు నుంచి పది అడుగులు ఇవతలికి రప్పించడం, ఈ రాత్రి ఎవరో ఒకరు తోడుండేలా చూడటం మీ పని.

పట్టుకుని లాగేయవచ్చా?

రెయిలింగుకు అవతల ఉన్న మనిషిని ఒంటరిగా పట్టుకోబోతే ఇద్దరికీ ప్రమాదం. పెనుగులాట మొదలైతే అప్పటిదాకా కుదిరిన మాట కూడా తెగిపోతుంది. శిక్షణ పొందిన పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది వచ్చేవరకు మాటతోనే నిలపండి. ఇవతలివైపే ఉండి, చేయి అందిస్తే అందుకునే స్థితిలో ఉన్నప్పుడు చేయి చాచి అడగడం వేరు, మీదపడి పట్టుకోవడం వేరు.

ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఏం చెప్పాలి?

భారతదేశంలో అత్యవసరానికి 112. అంబులెన్సుకు 108 కూడా చాలా రాష్ట్రాల్లో పనిచేస్తుంది. మీరు మాట్లాడుతూ ఉంటే పక్కనున్న మరొకరితో కొంచెం దూరం వెళ్లి ఫోన్ చేయించండి. వంతెన పేరు, ఏ ఊరి వైపు చివర, మనిషి ఇవతల ఉన్నాడా అవతల ఉన్నాడా, సైరన్ ఆపి రావాలన్న కోరిక, ఈ నాలుగూ చెబితే చాలు. ఒకే కాలువ మీద నాలుగైదు వంతెనలుంటే ఫోన్లో ఆనవాలు చెప్పడంలోనే విలువైన సమయం పోతుంది. ప్రతి వంతెన మీద ఒక సంఖ్య పెద్ద అక్షరాలతో రాయించి ఆ జాబితా ముందుగానే పోలీస్ స్టేషనుకు ఇచ్చి ఉంచడం మంచి పద్ధతి.

జనం గుమిగూడి వీడియోలు తీస్తుంటే?

మాట్లాడేవారు ఒక్కరే ఉండాలి. మిగతావారిలో పెద్దరికం ఉన్న ఒకరు జనాన్ని వంతెన రెండు చివర్లకూ పంపించి, వాహనాలు ఆపాలి. గుంపులోంచి వచ్చే ఒక్క కేక, ఒక్క నవ్వు ఎంత చెడు చేస్తుందో ఊహించవచ్చు. ఫోన్లు జేబుల్లో పెట్టమని కసురుకునేకంటే చేతికి పని అప్పగించడం తేలిక: ఒకరిని దారి చూపడానికి, ఒకరిని తాడు తేవడానికి, ఒకరిని నీళ్ల సీసా తేవడానికి పంపండి.

మనిషి నీళ్లలో పడితే వెంటనే దూకి కాపాడవచ్చా?

దూకవద్దు. కాపాడబోయి మునిగిపోయినవారి కథలు ప్రతి నదీ తీరాన ఉంటాయి. తేలే వస్తువును, అంటే గాలి నింపిన ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా, తాడు కట్టిన తేలే చక్రం వంటి వాటిని విసరండి, నీటి వాలును చూస్తూ ఒడ్డు వెంట పరుగెత్తండి, పడవ వారిని, గజ ఈతగాళ్లను పిలవండి. వంతెన దగ్గర తాడూ తేలే చక్రమూ ఎప్పుడూ వేలాడదీసి ఉంచితే ఈ పని నిమిషాల్లో అవుతుంది.

ఒడ్డుకు చేర్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా ఎత్తి తిప్పడం చేయకూడదు. ఊపిరి ఆగి ఉంటే నోటి ద్వారా శ్వాస అందిస్తూ ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. వెన్ను, మెడ దెబ్బతిని ఉండవచ్చు గనుక అనవసరంగా కదపవద్దు. లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నా సరే ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఎందుకంటే ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

## ప్రాణం నిలిచాక

పోలీసు కేసు అవుతుందని భయంగా ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లకపోతే నయం కదా?

ఈ భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకపోవడమే అసలు ప్రమాదం. భారతదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, వారిని విచారించి శిక్షించకూడదు. వారికి సంరక్షణ, చికిత్స, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిదని కూడా ఆ సెక్షనే చెబుతోంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షను లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణలో ఒత్తిడి చేయడానికో అడ్డుకోవడానికో చేసే ప్రయత్నానికి మాత్రమే 226వ సెక్షను వర్తిస్తుంది. ఆస్పత్రి వారు పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు, ఒక వాంగ్మూలం తీసుకోవచ్చు. అంతమాత్రాన ఆ మనిషి నిందితుడు కాడు.

ఇంటికి తీసుకొచ్చాం. ఇప్పుడేం చేయాలి?

ఆస్పత్రినుంచి వచ్చిన తర్వాతి మొదటి వారాలు, నెలలు అత్యంత జాగ్రత్తగా ఉండవలసిన కాలం. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వారు పడేది కూడా సరిగ్గా అప్పుడే. మందులు, రసాయనాలు తాళంలో పెట్టండి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండనివ్వండి. తర్వాత వైద్యుణ్ణి ఎప్పుడు కలవాలో తేదీ తీసుకుని, తోడు ఎవరు వెళ్తారో, బండి ఎవరిదో కూడా నిర్ణయించి పెట్టుకోండి. దూరపు ఆస్పత్రికి వెళ్లే రోజు ఆగిపోయేది ఎక్కువగా ఈ చిన్న ఏర్పాట్లు లేకే.

మనసు కుదుటపడిన ఒక పూట ఆ వ్యక్తితోనే కూర్చుని ఒక కాగితం రాయించండి. ఆలోచన మళ్లీ మొదలవుతోందని తనకు ఎలా తెలుస్తుంది, అప్పుడు మనసు మళ్లించేది ఏమిటి, ఎవరి దగ్గరికి వెళ్తారు, ఏ నంబరుకు ఫోన్ చేస్తారు అన్నవి తన మాటల్లోనే ఉండాలి. మీరు రాసి చేతికిస్తే అది మరో ఉపదేశ పత్రం అవుతుంది. రోజంతా కనిపెట్టి ఉండటం అవసరమే గాని, ఖైదీని చూసినట్టు చూడవద్దు.

ఊళ్లో అందరికీ తెలిసిపోయింది. ఎదురుపడితే ఏం మాట్లాడాలి?

జ్వరం తగ్గి లేచిన మనిషితో ఎలా మాట్లాడతారో అలాగే. "ఎందుకలా చేశావు?" అనే ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఆ మనిషికి లేదు. "నిన్ను చూడటం బాగుంది, రేపు పొలానికి కలిసి వెళ్దామా?" అనడం చాలు. పనికి పిలవడం, లెక్కలు అప్పగించడం, వేడుకలకు ఆహ్వానించడం మానేస్తే మాత్రం, మాట ఏదీ అనకపోయినా, ఆ మనిషికి మీ అభిప్రాయం తెలిసిపోతుంది.

## ప్రాణం పోయినప్పుడు

వాట్సాప్ గ్రూపుల్లో, పత్రికల్లో ఎలా రాయాలి?

ముందు క్రియాపదం మార్చండి. తెలుగులో "ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అని రాయడం అలవాటైపోయింది. దొంగతనానికి పాల్పడతారు, మోసానికి పాల్పడతారు. పాల్పడటం నేరానికి వాడే మాట. "అఘాయిత్యం" కూడా అంతే. "ఆత్మహత్యతో మరణించారు" అంటే సరిపోతుంది. బతికినవారి విషయంలో "ప్రయత్నం విఫలమైంది" అని రాస్తే బతకడం ఓటమి అన్నట్టు ఉంటుంది.

వంతెన ఫొటో, మరణించిన తీరు, చివరి ఉత్తరంలోని వాక్యాలు, "పరీక్ష తప్పినందుకు" వంటి ఒకే ఒక్క కారణం, ఇవేవీ వద్దు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1987లో పత్రికలు రాసే తీరు మార్చుకున్న తర్వాత అక్కడి భూగర్భ రైళ్ల దగ్గర మరణాలు బాగా తగ్గాయి. రాతకు అంత శక్తి ఉంది. వార్త చివర సాయం నంబరు తప్పక ఉండాలి. అలాంటి గడియను దాటి బతికినవారి అనుభవాలు, వారి అనుమతితో, ప్రచురిస్తే మేలు జరుగుతుంది.

చనిపోయిన చోట ఫొటో, పూలు పెట్టుకోవచ్చా?

కుటుంబం దుఃఖాన్ని తప్పుపట్టలేం. కానీ వంతెన మీద శాశ్వత గుర్తు ఉంటే ఆ చోటికి మృత్యువుతో ఉన్న ముడి బిగుసుకుంటుంది. బడిలో ఒక చెట్టు నాటడం, గ్రంథాలయానికి పుస్తకాలు ఇవ్వడం వంటివి వేరే చోట చేయమని దగ్గరివారి ద్వారా నెమ్మదిగా చెప్పించండి. అప్పటికే పెట్టి ఉంటే వారికి చెప్పకుండా తీసేయవద్దు.

పిల్లలకు ఏం చెప్పాలి?

అబద్ధం చెప్పవద్దు, వివరాలూ చెప్పవద్దు. "మామయ్య మనసుకు పెద్ద జబ్బు చేసింది. ఆ బాధలో ప్రాణం తీసుకున్నాడు. అందులో నీ తప్పేమీ లేదు. ఇలాంటి బాధకు సాయం దొరుకుతుంది" అన్నంత చాలు. ఊరికి వెళ్లాడని చెబితే బడిలో మరో పిల్లవాడు అసలు సంగతి చెబుతాడు, ఆ తర్వాత మీ మాట నమ్మరు. "నీ తప్పేమీ లేదు" అన్నది మళ్లీ మళ్లీ చెప్పవలసి ఉంటుంది.

మేమే ముందు పసిగట్టి ఉండాల్సింది కదా?

జరిగిపోయాక వెనక్కి చూస్తే ప్రతి మాటా సూచనగానే కనిపిస్తుంది. ఆ రోజు అది మామూలు మాట. లోపలి బాధను దాచుకోవడంలో మనుషులు చాలా నేర్పరులు, ముఖ్యంగా తమవారి దగ్గర. ఈ ప్రశ్న మిమ్మల్ని నిద్రపోనివ్వకపోతే మీకూ సాయం అవసరమే. ఆత్మీయులను ఇలా పోగొట్టుకున్నవారికి కూడా ఇలాంటి ఆలోచనలు రావచ్చు.

## కాపలా బృందాల సందేహాలు

వంతెన దగ్గర తిరిగే స్వచ్ఛంద బృందం పెట్టాలనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?

చైనాలోని నాన్‌జింగ్‌లో చెన్ సి అనే సాధారణ వ్యక్తి 2003 నుంచి తన తీరిక వేళల్లో యాంగ్జీ నది వంతెన మీద తిరుగుతూ వందల మందిని వెనక్కి తెచ్చాడు. స్ఫూర్తికి ఆ ఉదాహరణ గొప్పదే గాని, ఒంటరిగా చేయడాన్ని మాత్రం అనుసరించవద్దు. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ముందుగా మానసిక ఆరోగ్య కార్యకర్తతో ఒక రోజైనా శిక్షణ తీసుకుని, పోలీసులకు సభ్యుల పేర్లిచ్చి, వంతులు వేసుకోండి. బడలికతో ఉన్నవారు, ఇటీవల ఇంట్లో మరణం చూసినవారు కొంతకాలం ఆగడం మంచిది. పలకరించినవారి వివరాలు రాసుకునే పుస్తకంలో పేర్లు ఉండకూడదు, అది ఒకరి దగ్గరే ఉండాలి.

మా బృందంలో ఒకరికి అదే దృశ్యం కళ్లముందు తిరుగుతోంది. మగవాడు, చెప్పుకోడు. ఏం చేయాలి?

ఆ మనిషిని వంతునుంచి తప్పించండి, కానీ బృందంనుంచి తప్పించవద్దు. దీపాల మరమ్మతు, బోర్డుల పని, అర్జీల పని ఉన్నాయి. నిద్ర పట్టకపోవడం, ఆ దారిన వెళ్లలేకపోవడం, తాగుడు పెరగడం, చిన్నదానికీ ఉలిక్కిపడటం ఒక నెల దాటినా తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి, అంతకుముందే విషమిస్తే అప్పుడే వెళ్లాలి. "నీకు బాగోలేదు, డాక్టరుకు చూపించుకో" అంటే కదలనివారు కూడా "నేనూ వస్తాను, ఇద్దరం వెళ్దాం" అంటే లేస్తారు. బండి మీరే తీయండి.